ఆమెన్ అనే దాకా

“మా, ఆ మనిషికి చెప్పు, నా తువ్వాల ముట్టుకోవద్దని.”

ఆ మనిషి అంటే కెరోలిన్. వాడి తోడబుట్టిన అక్క. వాడికి మూడడుగుల దూరంలో, గడప మీద కూర్చుని తల తుడుచుకుంటోంది.

“మా, వానికి చెప్పు, ఈ తువ్వాల మీద ఎవురి పేరూ రాసి లేదని.”

నేను కుట్టు మిషను ఆపకుండానే చెప్పాను. “బెంజమినూ, తువ్వాల మీద పేరు లేదంట. కెరోలినూ, అయినా ముట్టుకోవద్దంట.”

“వినపడిందిలే మా!” అన్నారు ఇద్దరూ, ఒకేసారి, నాతోనే.

ఈ మౌనం ఆదివారం సాయంత్రం మొదలైంది. ఈ రోజు గురువారం. పదిహేనేళ్ల అక్క నుంచి పదమూడేళ్ల తమ్ముడికి, తమ్ముడి నుంచి అక్కకు, నాలుగు రోజులుగా నేనే తపాలా మోస్తున్నాను. అన్నం దగ్గర ఉప్పు డబ్బా కూడా నా చేతి మీదుగానే పోవాలి. వాడు నాకిస్తాడు. నేను ఆ పిల్లకిస్తాను. ఆ పిల్ల వేసుకుని మళ్లీ నాకిస్తుంది. ఈలోపు నా అన్నం చల్లారిపోతుంది.

మే నెల ఎండ. ప్రొద్దుటూరులో పదకొండు దాటితే కుక్కలు కూడా ఆటోల కింద నుంచి లేవవు. ఇంట్లో ఉన్నది ఒక్క కూలర్. నిన్న మధ్యాహ్నం గాలంతా ఆ మనిషి వైపే పోతాందని వాడు, కాదు వాడే తన వైపు తిప్పుకున్నాడని ఆమె, నాకు చెరొక ఫిర్యాదు చేశారు. నేను లేచి కూలర్‌ను గోడ వైపు తిప్పాను. ఇద్దరూ శాంతించారు. ఎవరికీ గాలి రాకపోతే న్యాయం జరిగినట్టేనని నా పిల్లల నమ్మకం.

వేరే వారమైతే నేను మిషను మీద తల పెట్టుకుని నవ్వేదాన్ని. ఈ వారం నవ్వలేకపోతున్నాను.

ఈ ఆదివారం మా చర్చిలో కన్ఫర్మేషన్. బిషప్ గారు వచ్చి పిల్లల తలల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. ఆ రోజు నుంచి వాళ్లు పెద్దవాళ్లతో పాటు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం సంస్కారం తీసుకోవచ్చు. నా మిషను మీద ఉన్న తెల్ల గుడ్డ అందుకోసమే. కెరోలిన్‌కు లంగా ఓణీ, బెంజమిన్‌కు చొక్కా. రెండూ ఒకే తానులోవి. మా అత్త జమ్మలమడుగులో ఎంచి మరీ పంపింది. మనవరాలూ మనవడూ పక్కపక్కన మోకరించడం కళ్లారా చూడాలని ఆమె ఆశ.

నిన్న సాయంత్రం మా పాస్టరు ప్రభుదాస్ అయ్యగారి దగ్గర నుంచి కబురొచ్చింది. పిల్లల పేర్ల విషయం మాట్లాడాలి, ఒకసారి వచ్చి పొమ్మని.

చొక్కాకు ఒక చెయ్యి కుట్టి, రెండో చెయ్యి కుట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. పక్కింటి గోడ మీద నుంచి గుల్జార్‌బీ తల కనబడింది.

“దేవక్కా, మీ ఇంట్లో ఎవురికైనా బాగలేదా ఏంది?”

“అందరూ బాగుండాము. ఎందుకు?”

“నాలుగు దినాలాయ, సద్దే లేదు. మా ఆయప్ప పగలు కునుకు పట్టక అవస్థ పడతాండాడు. మీ పిల్లోళ్ల అరుపులు వింటాంటేనే ఆయప్పకు నిద్ర.”

“మాట్లాడుకోవడం లేదు గుల్జార్‌బీ.”

“కొట్టుకున్నారా?”

“లేదు.”

“అయ్యో!” అంది గుల్జార్‌బీ, ఎవరికో జ్వరం దిగలేదని విన్నట్టు. “కొట్టుకుంటే పోతాండె కదక్కా, పొద్దు మునిగేలోపల!”

నేను వీరపునాయునిపల్లె దగ్గర ఒక పల్లెలో పుట్టాను. ఒక్కతే బిడ్డను. అమ్మా నాయనా చేనుకు పోతే, బడి నుంచి వచ్చి నేనే తాళం తీసుకునేదాన్ని. నా పలక ఎవరూ పగలగొట్టలేదు. నా రిబ్బను ఎవరూ దాచలేదు. పొద్దున ఎక్కడ పెట్టిన వస్తువు సాయంత్రానికి అక్కడే ఉండేది. అందులో ఎంత దిగులుంటుందో చెప్పినా ఎవరికీ అర్థం కాదు. అందుకే ఈ ఇంట్లో దువ్వెన కనబడక పిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు అరుస్తుంటే, పైకి నేనూ అరుస్తాను గానీ, లోపల ‘స్తోత్రం’ అని దేవునికి వందనాలు చెప్పుకుంటాను.

ఆ వందనాలు చెప్పుకునే పని నాలుగు రోజులుగా లేకుండా పోయింది.

దీనికంతటికీ మూలం మా ఇంటి ప్రార్థన.

రోజూ సాయంత్రం ఏడింటికి చాప పరిచి కూర్చుంటాం. చిన్నవాడితో మొదలుపెట్టి వరసగా ఒక్కొక్కరూ ప్రార్థన చెయ్యాలి. ఒకరు కళ్లు మూసుకుని మొదలుపెడితే, ఆమెన్ అనే దాకా ఇంకొకరు నోరు తెరవకూడదు. అది మా మామగారు పెట్టిన నియమం. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. బస్సులో ఎవరేమన్నా ఊరుకుంటాడు గానీ, ఈ నియమం తప్పితే ఊరుకోడు.

పొద్దున లేచింది మొదలు ఎవరూ అడ్డు రాకుండా ఒక ఫిర్యాదు పూర్తిగా చెప్పుకునే వీలు ఆ ఒక్క చోటే ఉందని నా పిల్లలు శానా చిన్నప్పుడే కనిపెట్టారు.

“దేవా, ఈ పొద్దు నా రబ్బరు ఎవురు కొరికినారో నీకు తెల్సు. ఆమెన్,” అనేవాడు వాడు.

“దేవా, ఆ రబ్బరు మొదట ఎవురిదో కూడా నీకు తెల్సు. ఆమెన్,” అనేది ఆమె.

ఇట్లా ఎనిమిదేళ్లుగా నడుస్తోంది. నేను కళ్లు మూసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని వింటాను. పక్కన మా ఆయన భుజాలు అదరడం తెలుస్తుంటుంది. మా ఇంటి కోసం దేవుడు రోజూ ఆ వేళకు వేరే పనులు పెట్టుకోకుండా ఉంటాడేమో అనిపిస్తుంది.

మొన్న ఆదివారం బెంజమిన్ వంతు వచ్చింది. కళ్లు మూసుకున్నాడు.

“దేవా, కెరోలిన్‌కు పులివెందుల సీటు రాకుండా చెయ్యి. ఆమెన్.”

పులివెందులలో ఇంటర్ చదువుకు హాస్టలుతో కూడిన కాలేజీ ఉంది. దాని ప్రవేశ పరీక్ష కోసం కెరోలిన్ ఏడాది పొడుగునా తెల్లవారుజామున లేచి చదివింది. జ్వరంలో కూడా లేచింది. మా వంశంలో ఏ ఆడపిల్లా ఇంటర్‌లో సైన్సు చదవలేదు.

తర్వాత వంతు ఆమెది. ఆమె ప్రార్థన చెయ్యలేదు. లేచి బయటికి పోయింది. మా ఆయన కొడుకు మీద చెయ్యెత్తాడు. ప్రార్థన చేసినందుకు కొట్టొచ్చా అనే సందేహం వచ్చినట్టుంది, దించేశాడు.

“ఎందుకురా అట్ల అడిగినావు?” అని ఆ రోజు నుంచి నేను అడుగుతూనే ఉన్నాను.

“ఊరికే,” అంటాడు.

*

అయ్యగారి ఇల్లు చర్చి వెనకాలే. గురువారం సాయంత్రం నేను పోయేసరికి మంచం మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నారు.

“కూర్చో దేవకుమారమ్మా. మంచినీళ్లు తాగు ముందు.”

నీళ్లు తాగమన్నారంటే మంచి వార్త కాదని అర్థమైంది.

“కన్ఫర్మేషన్ క్లాసులో పద్నాలుగు మంది పిల్లోళ్లు,” అన్నారు. “నిన్న అడిగినాను. మీలో ఎవురితోనైనా మాట విడిచి ఉండేటోళ్లు చెయ్యెత్తండి అని. ఎన్ని చేతులు లేచినాయో తెల్సునా?”

“రెండు,” అన్నాను.

“మూడు. మీ పాప ఒక చెయ్యి ఎత్తింది. ఆమె ఒకటి ఎత్తిందని మీవాడు రెండెత్తినాడు.”

నాకు నవ్వాగలేదు. అయ్యగారికీ ఆగలేదు. తర్వాత ఇద్దరం సర్దుకున్నాం.

“మిగతా పన్నెండు మందిలో ఇద్దరు అంతకు పది నిమిషాల ముందు నా కండ్ల ముందరే జుట్లు పట్టుకున్నారమ్మా. వాళ్లు చేతులు కట్టుకుని దేవదూతల మాదిరి కూర్చున్నారు.”

“మరి నిజం చెప్పినోళ్లకేనా అయ్యా శిక్ష?”

ఆయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచారు. శానాసేపు తుడిచారు.

“శిక్ష కాదు తల్లీ. అబద్ధం చెప్పినోళ్ల సంగతి దేవుడు చూసుకుంటాడు. నా ముందర నోరు తెరిచి కోపముందని చెప్పినోళ్లను, అట్లాగే ప్రభువు బల్ల దగ్గరికి ఎట్ల తీసుకుపోయేది? ఒకరితో ఒకరు కలిసిపోయి సమాధానపడమను. ఆదివారం పొద్దున వాకిట్లో అడుగుతా. పడినాం అంటే పేర్లు చదువుతా. లేదంటే కొట్టేస్తా.”

“బిషప్ గారు మళ్లీ ఎప్పుడొస్తారయ్యా?”

“రెండేండ్లో, మూడేండ్లో.”

రెండేళ్లకు కెరోలిన్ ఎక్కడుంటుందో తెలియదు. మా అత్తకు డెబ్బై ఎనిమిది. ఇద్దరు పిల్లలూ ఒక వరుసలో మోకరించేది ఉంటే ఇప్పుడే ఉండాలి.

లేచి వస్తుంటే అయ్యగారు వెనక నుంచి పిలిచారు.

“దేవకుమారమ్మా, వాళ్లను అబద్ధం చెప్పమని మాత్రం చెప్పబాక.”

అప్పటికి నా మనసులో ఉన్నది సరిగ్గా ఆ మాటే.

*

శుక్రవారం మధ్యాహ్నం మా అత్త యేసురత్నమ్మ దిగింది. కొడుకు నడిపే బస్సులోనే వచ్చింది.

“కన్నతల్లిననే లెక్క లేకుండా కుదిపినాడే నీ మొగుడు,” అంటూ చాప మీద కూలబడింది. “యాడ పిల్లోళ్లు?”

ఇద్దరూ వచ్చి వాళ్ల నాయనమ్మ జేజికి చెరొక పక్క కూర్చున్నారు. ఆమె సంగతంతా విని, వక్క నమలడం ఆపింది.

“ఇంతేనా? దీనికి అయ్యగారెందుకు? రేయ్ అబ్బీ, అక్కకు తప్పయిందని చెప్పు.”

“ఆ మనిషే ముందు చెప్పాల.”

“నేనెందుకు చెప్పాల? తప్పు చేసిందెవురు?” అని కెరోలిన్ నన్ను అడిగింది.

“పెద్దోళ్లు ముందు చెప్తే చిన్నోళ్లు నేర్చుకుంటారని జేజే చెప్పింది,” అని వాడూ నాతోనే అన్నాడు.

“నేనెప్పుడు చెప్పినా?” అంది మా అత్త.

“పోయిన క్రిస్మస్‌కు.”

“అది వేరే దానికి చెప్పినా!” ఆమె కాసేపు ఆలోచించింది. పంచాయతీలో ఓడిపోవడం ఆమెకు అలవాటు లేదు. “సరే. నేను ఒకటి రెండు మూడు అంటా. మూడు అనంగానే ఇద్దరూ ఒకేసారి చెప్పండి. ఎవురూ ముందు కాదు, ఎవురూ వెనక కాదు.”

ఇద్దరూ ఒప్పుకున్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

“ఒకటి. రెండు. మూడు!”

అవతలి మనిషి చెప్తే వెంటనే చెబుదామని ఇద్దరూ నోరు సగం తెరుచుకుని ఒకరినొకరు చూసుకుంటున్నారు.

“మీ తాత పోలికే,” అంది మా అత్త చివరికి, మళ్లీ వక్క నములుతూ. “ఆయప్ప కూడా చచ్చేదాకా ముందు మాట్లాడినోడు కాదు.”

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. అన్నం దగ్గర బెంజమిన్ ఉన్నట్టుండి అడిగాడు.

“నాన్నా, మన డిపో నుంచి పులివెందులకు రోజుకెన్ని బస్సులు పోతాయి?”

బస్సుల గురించి అడిగితే మా ఆయనకు అన్నం కూడా గుర్తుండదు. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు.

“ఆడ నుంచి ఆఖరి బస్సు ఎన్నింటికి?”

“ఏడున్నరకు.”

“ఆదివారం కూడానా?”

“ఆదివారం ఒకటి తక్కువ తిరుగుతాది.”

“ఎందుకు తక్కువ?” అన్నాడు వాడు, ఆ తగ్గించింది తండ్రే అన్నట్టు కోపంగా.

వీడికి బస్సుల పిచ్చి ఎప్పుడు మొదలైందో అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. రోజంతా వీళ్లిద్దరినే చూస్తూ కూర్చునేదాన్ని, నాకే తట్టలేదు.

*

శనివారం మూడు గంటలకు పులివెందుల కాలేజీ సీట్ల లిస్టు వచ్చింది.

కెరోలిన్ నా ఫోను తీసుకుని గోడకానుకుని కూర్చుంది. మేమందరం చుట్టూ నిలబడ్డాం. వేలితో పేజీ పైకి తోస్తూ పోయింది. చివరి దాకా పోయి, మళ్లీ మొదటికి వచ్చింది. మళ్లీ చివరికి పోయింది.

“ఏమాయ మే?” అంది మా అత్త.

“లేదు జేజీ.”

“సరిగ్గా చూడు.”

“చూసినా. వెయిటింగు లిస్టులో ఉండాది. మూడో నెంబరు. ఎవురైనా మానుకుంటే పిలుస్తారు.”

ఏడవలేదు. ఫోను నా చేతికిచ్చి, తెల్ల ఓణీ ఇస్త్రీ చెయ్యడానికి కూర్చుంది. ఒకే చోట పెట్టెను అటూ ఇటూ తోస్తూనే ఉంది. గుడ్డ మాడిపోతుందని నేను పెట్టె వైరు పీకేశాను. ఆ సంగతి కూడా గమనించలేదు. చల్లబడిన పెట్టెతో ఇస్త్రీ చేస్తూనే ఉంది.

బెంజమిన్ ముఖం చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది. జేజి మామిడి ముక్క ఇస్తే తీసుకోలేదు. గది మూలకు పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఏడయింది. చాప పరిచాను. అందరం కూర్చున్నాం.

“మొదలుపెట్టురా,” అన్నాడు మా ఆయన.

వాడు కళ్లు మూసుకోలేదు.

“నేను చెయ్యను.”

“ఏందీ?”

“నేనింక ప్రార్థన చెయ్యను. ఎప్పుడూ చెయ్యను.” చాప మీద నుంచి వెనక్కి జరిగాడు. “నన్ను అడగొద్దండి.”

మా ఆయన నా వైపు చూశాడు. నేను మా అత్త వైపు చూశాను. ఈ ఇంట్లో ప్రార్థన చెయ్యనన్నవాళ్లు ఇంతవరకూ లేరు. ఇట్లా అంటే ఏం చెయ్యాలో మా మామగారు నియమం పెట్టి పోలేదు.

అప్పుడు కెరోలిన్ తన వంతు రాకుండానే కళ్లు మూసుకుంది.

“దేవా,” అంది. “ఈడ ఒకడు కూర్చోనుండాడు. వాడు అడిగినందుకే నాకు సీటు రాలేదని అనుకుంటాండాడు. వానికి కొంచెం నువ్వే చెప్పు. వాడు అడిగినవన్నీ నువ్వు ఇచ్చేటట్లయితే, ఈ పాటికి వానికి గేర్ల సైకిలు వచ్చుండాల. లెక్కల సారుకు బదిలీ అయ్యుండాల. మూతి మీద మీసం కూడా మొలిచుండాల…”

“మీసం సంగతి నేను పైకి అడగలేదు!” అన్నాడు బెంజమిన్.

“…పైకి అడగకపోయినా నీకు తెల్సు దేవా. పెదవులు కదిలినాయి. నేను చూసినా.”

“ప్రార్థనలో కండ్లు తెరిచినావా నువ్వు? నాన్నా, చూడు! దొంగ!”

“నువ్వేమో రోజూ కండ్లు మూసుకునే నిద్రపోతాండావు కదరా!”

“నేనెప్పుడు నిద్రపోయినా?”

“గురక వినపడింది!”

“అది జేజి!”

“నన్నెందుకు లాగుతారురా మధ్యన!” అంది మా అత్త.

“ఆమెన్ అనలేదు ఇంకా!” అని మా ఆయన గట్టిగా కసిరాడు. “ఆమెన్ అనే దాకా ఎవురూ నోరు తెరవకూడదు!”

“ఆమెన్!” అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ వెంటనే గురక దగ్గర ఆపిన చోట నుంచి మళ్లీ అందుకున్నారు.

చాప అంచు పట్టుకుని కూర్చుని విన్నాను. ఆరు రోజుల తర్వాత, ఒకరి ముఖం ఒకరు చూస్తూ, ఒరేయ్ అంటే ఏమే అనుకుంటూ, నా అవసరం లేకుండా నా పిల్లలు కొట్లాడుకుంటున్నారు. ఏడాది చదువు చేతికందకుండా పోయిన పిల్ల, ఆ బాధ పక్కన పెట్టి, తమ్ముడు భయపడుతున్నాడని గమనించింది. నేను నేర్పలేదు. ఎక్కడ నేర్చుకుందో తెలియదు.

గోడ అవతల నుంచి గుల్జార్‌బీ గొంతు వినబడింది.

“అల్లా మేలు చేసె! సద్దు వచ్చె!”

*

ఆదివారం పొద్దున కెరోలిన్‌కు జడ వేస్తూ అడిగాను.

“వాని మీద కోపం పోయిందా మే?”

“పోయింది మా. కానీ…” అద్దంలో నా వైపు చూసింది. “వాడు ఎందుకట్ల అడిగినాడో ఇప్పటికీ చెప్పలేదు. నేను వానికేం చేసినా మా? అదొక్కటి పోవడం లేదు.”

జడ బిగించాను.

చర్చి వాకిట్లో పన్నెండు మంది పిల్లలు తెల్ల బట్టల్లో అప్పటికే వరుసగా నిలబడి ఉన్నారు. మా అత్తను గోడ నీడన కుర్చీలో కూర్చోబెట్టాను. పిల్లలిద్దరూ పోయి వరుస చివర నిలబడ్డారు. ఎవరు ముందు నిలబడాలని అక్కడ కూడా మోచేతులతో కాస్త తోసుకున్నారు. నా కడుపు చల్లబడింది.

ప్రభుదాస్ అయ్యగారు పేర్ల కాగితం, పెన్ను పట్టుకుని వచ్చారు.

“ఏం కెరోలినూ, సమాధానపడినారా?”

“పడినామయ్యా.”

“నువ్వేమంటావు అప్పా?”

బెంజమిన్ కొత్త చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

“మాట్లాడుకుంటాండామయ్యా.”

“నేనడిగింది అది కాదు కదా.”

వాడు చొక్కా గుండీ తిప్పుతున్నాడు. కుట్టింది నేనే గనుక అది ఊడదని తెలుసు గానీ, నా గుండె మాత్రం ఆ గుండీతో పాటే తిరుగుతోంది.

“అయ్యా, నా పేరు కొట్టెయ్యండి,” అన్నాడు.

“ఎందుకు?”

“రాత్రి మళ్లీ అదే అడిగినా.”

“ఏమడిగినావు?”

“వెయిటింగు లిస్టులో నుంచి పిలవకూడదని.”

కెరోలిన్ గిరుక్కున తిరిగింది. “ఒరేయ్…”

“మూడో నెంబరే కదయ్యా. ముగ్గురు మానుకుంటే చాలు, పిలుస్తారు. అడగకూడదనే పండుకున్నా. మనసులోకి అదే వచ్చింది. మళ్లీ మళ్లీ అదే వచ్చింది.” “సమాధానపడినానని చెప్తే అబద్ధమైతాది.”

అయ్యగారు వంగి వాడి ముఖంలోకి చూశారు.

“అక్క చదువుకుని బాగుపడేది నీకిష్టం లేదా అప్పా?”

“బాగుపడనీ. ఈడుండే బాగుపడనీ!” అన్నాడు వాడు. ఇంక ఆపుకోలేకపోయాడు. “మా నాన్న బస్సు మీద పోతాడు. మా అమ్మ మిషను మీద ఉంటాది. మా అక్క కూడా పోతే ఇంట్లో నేనెవురితో కొట్లాడేది?”

వరుసలో ఎవరూ నవ్వలేదు. జుట్లు పట్టుకున్న ఆ ఇద్దరు కూడా నవ్వలేదు.

వారం రోజుల నుంచి నేను అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఇదా? బస్సులు లెక్కబెట్టింది ఇందుకా? ఆదివారం ఒక బస్సు తక్కువని కోపం వచ్చింది ఇందుకా?

కెరోలిన్ ఓణీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అయ్యగారి వైపు తిరిగింది.

“అయ్యా, వాని పేరు ఉండనియ్యండి. నాది కొట్టెయ్యండి.”

“నీదెందుకమ్మా?”

“వాడు పైకి ఒక్క మాట అడిగినాడు. నేను ఈ వారమంతా మనసులో వాని గురించి ఎన్ని అడిగినానో… చెప్పేటివి కాదు.”

“ఏమడిగినావు?” అన్నాడు బెంజమిన్, ముక్కు తుడుచుకుంటూ.

“నీకెందుకురా?”

“నా గురించే కదా అడిగినావు!”

“అయ్యా, నాది కొట్టెయ్యండి.”

“ముందు నేను చెప్పినా! నాదే కొట్టెయ్యాల!”

“నేను పెద్దదాన్ని. నా మాటే వినాల అయ్యగారు!”

“పెద్దదానివైతే? చర్చిలో కూడా నీదే పెత్తనమా?”

నీడలో నుంచి మా అత్త కేకేసింది. “ఏమంటాండారే పిల్లోళ్లు?”

“ఎవురి పేరు కొట్టెయ్యాలని కొట్లాడుకుంటాండారు అత్తా.”

“అట్లనా,” అని ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకుంది. “అయితే బాగుండారు.”

చర్చి గంట మోగింది. లోపల జనం లేచి నిలబడుతున్న సద్దు వినబడింది. అయ్యగారు పెన్ను మూత తీశారు. కాగితం మీద నా పిల్లల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆయన పెన్ను ఆ రెండింటి పైన ఆగింది. నా వైపు తిరిగారు.

“తల్లివి నువ్వు. నువ్వే చెప్పు దేవకుమారమ్మా. దీన్ని సమాధానం అంటారా, అనరా?”

ఇద్దరు పిల్లలూ కొట్లాట ఆపి నా వైపు చూశారు. ఇద్దరి కళ్లూ తడిసి ఉన్నాయి. వాడి చొక్కా, ఆమె ఓణీ ఒకే తెలుపు.

నేను నోరు తెరిచాను. ఎన్నో చెప్పాలనుకున్నాను. బయటికి వచ్చింది, వాళ్లు కొట్లాడుకున్నప్పుడల్లా లోపల చెప్పుకునే ఆ ఒక్క మాటే.

“స్తోత్రం.”

అది తాను అడిగినదానికి జవాబు కాదన్నట్టు అయ్యగారు పెన్ను పట్టుకుని అట్లాగే చూస్తున్నారు.

గేటు దగ్గర బిషప్ గారి కారు ఆగింది.